పెదవి మీది పొక్కు, యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఈసారి గోడపత్రికకి ఒక్కొక్కరూ ఒక ప్రముఖుడి జీవితం రాసి తేవాలని మేడమ్ చెప్పిన రోజు నేను కాలేజీకి రాలేదు. వచ్చేసరికి వీరేశలింగం గారు, గిడుగు గారు, గురజాడ గారు, దుర్గాబాయమ్మ గారు అందరూ పంపకాల్లో అయిపోయారు. మిగిలినవాళ్ళలో ఎవరినైనా చూసుకోమన్నారు. నేను చూసుకున్న మనిషి కవి కాదు, రచయిత కాదు. తెలుగు శాఖ గోడ మీద ఆయనకేం పని అని మీరనొచ్చు. ఎందుకు పనుందో చెప్పాలంటే ముందు ఆ రోజు నేనెందుకు రాలేదో చెప్పాలి.

నా కింది పెదవి మీద పొక్కులు లేచాయి. నిజానికి ఇది నాకు కొత్త కాదు. ఏడో తరగతి నుంచీ ఉంది. జ్వరం వచ్చినా, పరీక్షలకి రాత్రుళ్ళు మేలుకున్నా, మే నెల ఎండలో తిరిగినా అదే చోట ముందు చిమచిమలాడుతుంది, తర్వాత మంట, మర్నాటికి నీటి పొక్కుల గుత్తి. అవి పగిలి, పక్కు కట్టి, రాలేసరికి పది రోజులు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇదే వరస.

మా ఇల్లు సౌకార్‌పేటలో, మింట్ వీధి నుంచి పక్కకి తిరిగే సందులో. ఇంట్లో రెండు భాషలు. అమ్మ, అమ్మమ్మ తెలుగు. అప్పా, పాట్టి తమిళం. అందుకని నా పొక్కుకి కూడా రెండు పేర్లు, రెండు వైద్యాలు. నిద్రలో ఏదో పురుగు పాకిందని అమ్మమ్మ వెన్న రాసేది. పాట్టి మాత్రం చూడగానే అది అక్కి అని తేల్చేసింది. వాళ్ళ ఊళ్ళో అక్కి వస్తే కుమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి ఎర్ర కావితో బొమ్మ రాయిస్తారట. అమ్మమ్మ అప్పుడు గుర్తు తెచ్చుకుని, మా వైపు దీన్నే సర్పి అంటారు అంది. ఇద్దరూ కలిసి వెన్న మీద కావి రాసే లోపు నేను తలుపేసుకున్నా.

ఇంట్లో సంగతి నవ్వుకోవచ్చు. బయట సంగతి నవ్వుకునేది కాదు. పోయినసారి ఇదొచ్చినప్పుడు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి తన నీళ్ళ సీసా నెమ్మదిగా అవతలికి జరిపింది. ఇంకో బెంచీ నుంచి, ఆడపిల్లకి పెదవి మీద అలాంటిది ఎలా వస్తుందో అందరికీ తెలుసులే అన్నట్టు ఒక నవ్వు వినపడింది. పేర్లు రాయను. వాళ్ళు ఇది చదువుతారు కాబట్టి రాయక్కర్లేదు కూడా. ఆ నవ్వు తర్వాతే, ఈసారి పొక్కు లేవగానే నేను ఇంట్లో కూర్చున్నా.

అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఒక్క చూపు చూసి, ఇది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల వస్తుందని చెప్పారు. ప్రపంచంలో 50 ఏళ్ళ లోపు మనుషుల్లో సగానికి పైగా ఒంట్లో ఇదుంటుందట. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ళు ముద్దు చేసినప్పుడు అంటుకుంటుంది. ఒకసారి వచ్చాక పోదు. ముఖానికి వచ్చే నరం మొదట్లో దాక్కుని నిద్రపోతుంది. ఒళ్ళు నీరసించినప్పుడు లేచి, అదే నరం వెంబడి అదే చోటికి వస్తుంది. అందుకే నాకెప్పుడూ కింది పెదవి ఎడమ పక్కే.

ఆవిడ రాసిచ్చింది ఒక చిన్న ట్యూబు. ఎసైక్లోవిర్ 5 శాతం క్రీము. చిమచిమ మొదలైన గంటల్లోనే రాయాలి, రోజుకి ఐదు సార్లు, ఐదు రోజులు. పొక్కు లేచాక రాస్తే లాభం తక్కువ. ముందే రాసినా మంత్రంలా మాయం కాదు, మానడం ఓ పూటో ఓ రోజో ముందుకి జరుగుతుందంతే. రాసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్ళు ముట్టుకోకూడదు, పొక్కున్నన్నాళ్ళూ గ్లాసు, తువ్వాలు, లిప్‌స్టిక్ ఎవరితోనూ పంచుకోకూడదు, పసిపిల్లల్ని ముద్దు పెట్టుకోకూడదు. అంటే సీసా జరిపిన అమ్మాయి చేసింది ఒక విధంగా సరైనదే. నవ్వినవాళ్ళు చేసింది మాత్రం కాదు.

ఆ ట్యూబు పట్టుకుని ఇంట్లో కూర్చున్న ఐదు రోజుల్లో, ఇది ఎవరు కనిపెట్టారో చదవడం మొదలుపెట్టా. న్యూయార్కులో పుట్టిన గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ, ఆవిడ పనిచేసిన బరోస్ వెల్‌కమ్ కంపెనీ శాస్త్రవేత్తలు. ఆడది అన్న కారణంతో మొదట్లో ఏ ప్రయోగశాలా ఆవిడకి ఉద్యోగం ఇవ్వలేదు. 1944లో పనిలోకి తీసుకున్నవాడు జార్జ్ హిచింగ్స్. ఇద్దరికీ కలిపి 1988లో నోబెల్ వచ్చింది. ఆవిడకి పీహెచ్‌డీ లేదు. మన క్లాసులో అందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది. ఆ హిచింగ్స్ ఎక్కడ చదివాడా అని చూస్తే హార్వర్డు, సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు ప్రయోగశాల. అదే ప్రయోగశాలలో అప్పటికే పనిచేస్తున్న మనిషి పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంటినిండా పిల్లలు, చాలీచాలని రాబడి. ఈయన బుద్ధిగా చదివే బాపతు కాదు. పదమూడేళ్ళప్పుడు కాశీకి పారిపోయి అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి బయల్దేరితే, తల్లి వెతికించి వెనక్కి లాక్కొచ్చింది. మెట్రిక్ తప్పారు. మళ్ళీ తప్పారు. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఉన్న హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కారు. ఈ లోపు తండ్రి పోయారు. చదువు ఆగిపోకూడదని వెంకమ్మ గారు ఒంటి మీది బంగారం అమ్మేశారంటారు. మా వీధిలో రోజూ బంగారం కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ చూస్తూ పెరిగాను నేను. కొనేవాళ్ళు నవ్వుతూ మాట్లాడుకుంటూ వస్తారు. అమ్మేవాళ్ళు ఒంటరిగా, మధ్యాహ్నం జనం లేనప్పుడు వస్తారు. వెంకమ్మ గారు ఎలా వెళ్ళారో నేను ఊహించగలను.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయనకి సన్యాసం మీదికి మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి ఒప్పుకోకుండా మఠం చేర్చుకోలేదు. సేవే చెయ్యాలనుకుంటే వైద్యం చదివి చెయ్యొచ్చని అక్కడివాళ్ళే దారి చూపించారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు.

ఆ కాలేజీ మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. వాల్‌టాక్స్ రోడ్డు చివరిదాకా పోయి సెంట్రల్ స్టేషను దగ్గర రోడ్డు దాటితే పెద్దాసుపత్రి, ఆ ఆవరణలోనే. చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు ఆ గోడ పక్కన బస్సు కోసం నిలబడ్డానో లెక్కలేదు. ఈ మధ్య మాత్రం నిలబడినప్పుడల్లా లోపలికి చూస్తున్నా.

అక్కడ చదివే రోజుల్లో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరే వేసుకున్నారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు తెల్లదొర. ఆయనకది నచ్చలేదు. మిగతా పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం అందలేదు. మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. అప్పటికి పెళ్ళయింది. 1919లో, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కూతురు శేషగిరితో. అల్లుడి చదువు ఖర్చులో కొంత మావగారే భరించారు.

ఇక్కడ ఒక రోగం గురించి చెప్పాలి. స్ప్రూ అంటారు, మనవాళ్ళు సంగ్రహణి అన్నారు. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక ఎర్రగా పూసిపోయి, నోరంతా పుండ్లై, మంచినీళ్ళు మింగినా మంట. రక్తం తగ్గిపోయి మనిషి పాలిపోతాడు. సుబ్బారావు గారి అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఈ రోగంతోనే కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తర్వాత అదే ఈయనకీ వచ్చింది. ఇంగ్లీషు వైద్యం చదివిన ఈయన్ని అప్పుడు నిలబెట్టింది లక్ష్మీపతి గారి ఆయుర్వేదం మందు. ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేకపోయారు. రోగాన్ని అసలు ఏది తెస్తోందో, మందులో ఏది తగ్గిస్తోందో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మావగారి సాయం కలుపుకుని ఓడెక్కి, 1923 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు. అప్పుడు భార్య కడుపుతో ఉన్నారు. చదువు ముగించుకుని తిరిగొస్తారనే అందరూ అనుకున్నారు. బోస్టన్‌లో డాక్టరు పట్టా ఉన్నా వైద్యం చెయ్యడానికి వీల్లేదు. అందుకని రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి, పగలు చదువుకున్నారు.

డిప్లొమా అయ్యాక ఫిస్కే దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి తెచ్చారు. నీలం రంగు వస్తుంది, రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. మా పక్కింటి ఎమ్మెస్సీ అక్కని అడిగితే టక్కున చెప్పింది. ఆ రావు మన తెలుగాయనేనని మాత్రం తనకి తెలీదు. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏటీపీని బయటికి తీశారు. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు. మనం మెట్లెక్కడానికి, రెప్ప వెయ్యడానికి, ఇప్పుడిది చదవడానికి ఖర్చయ్యే శక్తి అంతా ఏటీపీ రూపంలోనే అందుతుంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఉద్యోగం మాత్రం స్థిరం కాలేదు. చేసిన పనిలో చాలా భాగం ప్రొఫెసరు పేరు వెనకే ఉండిపోయింది. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటికి రానివ్వలేదనీ, వాటిని చాలా ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ కనిపెట్టాల్సి వచ్చిందనీ తర్వాత చెప్పింది ఎవరో కాదు, ఆ హిచింగ్సే.

1940లో హార్వర్డు వదిలి న్యూయార్కు రాష్ట్రంలో పర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. తర్వాత ఎనిమిదేళ్ళలో అక్కడ జరిగిన పని చూస్తే ఒకే మనిషి ఇన్ని వైపులకి ఎలా తిరిగాడా అనిపిస్తుంది. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది ఇస్తే స్ప్రూ రోగులకి నాలుక పూత తగ్గడం, రక్తం పట్టడం డాక్టర్లు కళ్ళారా చూశారు. అన్నదమ్ములు పోయిన రోగానికి మందు ఆయన చేతికి వచ్చింది. వచ్చేసరికి వాళ్ళు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. బళ్ళో వారానికొకటి మనకి మింగించిన నీలం రంగు మాత్ర గుర్తుందా? ఇనుముతో పాటు అందులో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. బోదకాలు రాకుండా ఇళ్ళకొచ్చి పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం 1947లో తెచ్చినదే.

ఫోలిక్ ఆమ్లం నుంచి ఇంకో ఆలోచన పుట్టింది. చూడ్డానికి అలాగే ఉండి, పని మాత్రం చెయ్యని నకిలీని తయారుచేస్తే? విచ్చలవిడిగా పెరిగే కణం దాన్ని అసలనుకుని తీసుకుని ఆగిపోతుంది. అలా వచ్చినవే ఎమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947 చివర్లో రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలకి ఎమినాప్టెరిన్ ఇచ్చాడు. కొంతకాలానికే అయినా, కొందరు పిల్లలు లేచి ఆడుకున్నారు. అంతకు ముందు ఆ రోగం వచ్చిన పిల్లలకి ఏ మందూ లేదు.

నా ట్యూబులో ఉన్న క్రీము పనిచేసేదీ ఇలాంటి దారిలోనే. హిచింగ్స్, ఎలియన్ వేరే కంపెనీలో, వాళ్ళ సొంత బుద్ధితో అదే నకిలీ పద్ధతిని ఏళ్ళ తరబడి సాధించారు. వైరస్ పెరగాలంటే తన డీఎన్ఏ గొలుసుని అల్లుకోవాలి. ఎసైక్లోవిర్ ఆ గొలుసులో ఒక గింజలా కనిపిస్తుంది. మా వీధి భాషలో చెప్పాలంటే గిల్టు నగ. వైరస్ దాన్ని బంగారమనుకుని, తన ఎంజైముతోనే దానికి ఒక భాస్వరపు ముక్క తగిలిస్తుంది. తర్వాత ఇంకో రెండు తగులుతాయి. అప్పుడది గొలుసులో దూరి, ముందుకి అల్లకుండా ఆపేస్తుంది. ఆ మొదటి భాస్వరాన్ని తగిలించే ఎంజైము వైరస్ ఉన్న కణాల్లోనే ఉంటుంది కాబట్టి మిగతా ఒంటికి పెద్దగా చెడు చెయ్యదు. ఏటీపీలోనూ అంతే, వరసగా మూడు భాస్వరాలు. అన్నం తినేటప్పుడు కూడా భాస్వరం గురించే ఆలోచించి ఉంటారనిపించే మనిషి 1929లో చూసింది అదే వరస.

అయితే ఈ క్రీము సుబ్బారావు గారు కనిపెట్టారని నేను రాయడం లేదు. ఆయన పోయిన మూడు దశాబ్దాలకి గానీ ఎసైక్లోవిర్ రాలేదు. మనవాళ్ళే అన్నీ కనిపెట్టారని రాస్తే వినడానికి బాగుంటుంది, నిజం కాదు. ఒకే ప్రయోగశాలలో కొన్నాళ్ళు పక్కపక్కన పనిచేసిన ఇద్దరిలో ఒకరి దారి నా పెదవి దాకా వచ్చింది, అంతే.

1948లో ఆయన విభాగం నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి యాంటీబయాటిక్. డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోంచి పట్టుకున్న సూక్ష్మజీవి ఇచ్చిన మందు అది. అది లోకానికి తెలిసిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్ళు. పాతికేళ్ళు అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. ఇటు తిరిగీ రాలేదు. 1995లో, ఆయన శతజయంతికి, మన తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది.

జీవితచరిత్రలు చాలావరకు ఇక్కడ ముగుస్తాయి. నేను మాత్రం శేషగిరి గారి దగ్గర ఆగిపోయా. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే చర్మానికి సోకే ఒక ఇన్ఫెక్షన్‌తో పోయాడు. తండ్రి వాణ్ణి చూడనే లేదు. అలాంటివాటి మీద పనిచేసే మందు తన విభాగం నుంచే రావడానికి ఇంకా ఇరవై నాలుగేళ్ళు పట్టింది. ఆవిడ పాతికేళ్ళు ఎదురుచూశారు, తర్వాత వితంతువుగా బతికారు. వెంకమ్మ గారి బంగారం గురించి ఒక వాక్యమైనా ఉంది. శేషగిరి గారి గురించి పెళ్ళి సంవత్సరం తప్ప పెద్దగా దొరకదు. ఆయన గొప్పవాడు కాదని నేననడం లేదు. ఆ లెక్కలో ఆవిడ ఇచ్చినదీ కలపాలంటున్నా.

అమ్మమ్మకి ఈ కథంతా చెప్పా. పాట్టికి తమిళంలో మళ్ళీ చెప్పా. ఇద్దరూ శేషగిరి గారి దగ్గరే ఆగిపోయి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాట్టి నా ట్యూబు తీసుకుని వాసన చూసి, కావి కంటే నయమే అని ఒప్పుకుంది.

ఈ కాగితం గోడకి అంటించే రోజుకి నా పెదవి మీద పక్కు ఇంకా పూర్తిగా రాలదు. అయినా వస్తా. నా సీసా నేను తెచ్చుకుంటా, మీది అడగను. పక్కన కూర్చోవడానికి మాత్రం ఏ వైరసూ అడ్డం రాదు. మీలో ఎవరికైనా ఇదే ఉంటే, దుపట్టా అడ్డం పెట్టుకుని ఇంట్లో కూర్చోకండి. చిమచిమ మొదలైన రోజే డాక్టర్ని అడగండి.